షాఫ్టు మీద తుడిచిన బొట్టు

మా షాపుకి ఎవరు ఏ షాఫ్టు తెచ్చినా, ఆటోలోంచి దించగానే ముందు బొట్టు పెట్టమంటాను. గేటు పక్కన గూట్లో చిన్న స్టీలు గిన్నెల్లో పసుపు, కుంకుమ ఉంటాయి. "పెట్టేవాళ్ళుంటే ఇప్పుడే పెట్టెయ్యండి. ఆ తర్వాత ఎవరూ చెయ్యి వెయ్యకూడదు" అంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు నాకు భక్తి ఎక్కువనుకుంటారు. పటమట నుంచి వచ్చే మిల్లు యజమాని ఒకాయన, "ఈ రోజుల్లో కూడా ఇంత పద్ధతిగా ఉన్నారండీ" అని మెచ్చుకున్నాడు. ఆ గిన్నెలు అక్కడికి భక్తి వల్ల రాలేదు.

ఆటోనగర్‌లో మాది మెటల్ స్ప్రే షాపు. అరిగిపోయిన షాఫ్టుల మీద కొత్త లోహం ఎక్కించి, మళ్ళీ పాత సైజుకి తేవడం మా పని. వెల్డింగ్ పెడితే ఆ వేడికి షాఫ్టు వంకరపోయే ప్రమాదం ఉంది. మా పద్ధతి వేరు. అరిగిన చోటుని లేతు మీద కాస్త లోతుగా చెక్కుతాం. జిడ్డంతా తీసేస్తాం. ఆపైన గట్టి గాలితో గరుకు పొడి కొడతాం. దాంతో అద్దంలా ఉన్న ఇనుము బూడిదరంగు తిరిగి గరుకు కాగితంలా అవుతుంది. అప్పుడు గన్‌లో లోహపు తీగని కరిగించి, ఆ కరిగినదాన్ని గాలితో తుంపరలు చేసి, తిరుగుతున్న షాఫ్టు మీద పొరలు పొరలుగా కొడతాం.

ఆ తుంపరలు కింద ఇనుములో కలిసిపోవు. గరుకులో ఉన్న సన్నటి గుంటల్లో ఇరుక్కుని పట్టుకుంటాయి. పట్టంతా అక్కడే. గరుకు కొట్టాక ఆ చోట వేలు తగిలితే, వేలికున్న జిడ్డు గుంటల్లోకి దిగుతుంది. పైన పడ్డ లోహం అక్కడ పట్టుకోదు, ఊరికే కూర్చుంటుంది. చూస్తే తేడా తెలియదు. గ్రైండింగ్ అయ్యాక అంతా ఒకేలా మెరుస్తుంది. మా పనిలో ఉన్న సుఖమూ అదే, ప్రమాదమూ అదే.

కొన్నేళ్ళ కిందట, సార్వా వరి ఊడ్పులు మొదలయ్యే రోజుల్లో, పామర్రు అవతల ఒక ఊరి నుంచి పంపు షాఫ్టు వచ్చింది. శివారు ఊరు అది. కాలవ నీళ్ళు అక్కడిదాకా వచ్చేసరికి సన్నబడిపోతాయి. అందుకని ఊరివాళ్ళు మురుగు కాలవ గట్టు మీద పెద్ద పంపు పెట్టుకుని, అందులోంచి తోడి పొలాలకి పారించుకుంటారు. ఆ పంపు ఆగితే ఊళ్ళో ఊడ్పులు ఆగిపోతాయి.

షాఫ్టు వెంట ఇద్దరు వచ్చారు. ఒకాయన వాళ్ళ నీటి సంఘం ప్రెసిడెంటు. తొందరగా కావాలని చెప్పి, ఏదో పనుందని కార్లో వెళ్ళిపోయారు. రెండో ఆయన పంపు చూసుకునే పెద్దాయన. ఆయనా రైతే. పొలం పంపు పక్కనే కావడంతో మోటారు వెయ్యడం, ఆపడం, గ్లాండు బిగించడం అన్నీ ఆయనే చూసేవాడు. "షాఫ్టుని వదిలి వెళ్ళనబ్బాయ్, ఇక్కడే కూర్చుంటాను" అని లేతు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

గ్లాండు అంటే ఏమిటో చెప్పాలి. షాఫ్టు పంపులోంచి బయటికొచ్చే చోట నీళ్ళు కారిపోకుండా చుట్టూ తాడు కూరతారు. ఆ తాడుని అదిమి పెట్టేదే గ్లాండు. దాన్ని నట్లతో బిగిస్తారు. మరీ బిగిస్తే తాడు షాఫ్టుని కోసేస్తుంది. వదులైతే నీళ్ళు చిమ్ముతాయి. చుక్కా చుక్కా పడుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

"ఆ చుక్కలు ఎలా పడాలో నాకు తెలుసబ్బాయ్" అన్నాడు పెద్దాయన. "రాత్రి గట్టు మీద మంచం వేసుకుని వింటే చాలు, బిగించాలో వదలాలో చెప్తాను. మా ఆవిడ గొంతు కంటే దాని చప్పుడే నాకు బాగా ఎరిక. ఆవిడతో అనకు."

"నేనెందుకంటాను బాబాయి గారూ" అన్నాను.

"అన్నా వినపడదులే. చెముడు."

ఆయనే నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నమంతా ఆయన కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆయనంటే ఇష్టం కలిగింది. ఇది రాయడం ఎందుకంటే, ముక్కూ మొహం తెలియని మనిషికి చేసిన అన్యాయం కాదు నాది. ఇష్టపడ్డ మనిషికే చేశాను.

సాయంత్రానికి గరుకు కొట్టడం పూర్తయింది. షాఫ్టుని లేతుకెక్కించి, గరుకు కొట్టే గొట్టం విప్పేసి, గ్యాసు సిలిండర్లు కలపడానికి వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి షాఫ్టు మీద, సరిగ్గా గరుకు కొట్టిన చోట, తడి పసుపు, దాని మధ్య కుంకుమ బొట్టు ఉన్నాయి. పెద్దాయన చేతిలో ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న కాయితం పొట్లం ఉంది.

"తలంటు పోసుకున్నట్టుందబ్బాయ్. అంత శుభ్రంగా ఉండి బోడిగా ఉంటే చూడబుద్ధి కాలేదు" అన్నాడు.

తప్పు ఆయనది కాదు. కొత్త మోటారుకైనా, కొన్న ట్రాక్టరుకైనా, బాగుచేయించిన ఇంజనుకైనా మా వైపు బొట్టు పెట్టనిదే పని మొదలుపెట్టరు. ముట్టుకోకూడదని ఆయనకి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. సరే, చెప్పలేదు. అప్పుడైనా చెయ్యాల్సిన పని ఒకటే. షాఫ్టు దింపి, జిడ్డు తీసి, మళ్ళీ గరుకు కొట్టాలి. అందులో సందేహం లేదు. ఈ పని నేర్చుకున్నప్పుడు నాకు మొదట చెప్పిన మాటే అది.

కానీ గరుకు కొట్టే గొట్టం విప్పేశాను. మబ్బు పట్టి ఉంది, వాన మొదలైతే గాలిలో తడికి గరుకు మీద తుప్పు ఛాయ వచ్చేస్తుంది. ప్రెసిడెంటు గారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఇవన్నీ నిజమే. ఇవన్నీ లేకపోయినా ఆ రోజు నేను అదే చేసి ఉండేవాణ్ణేమోనని ఇప్పుడనిపిస్తుంది. అలసిపోయాను. ఏం కాదులే అనుకున్నాను. గుడ్డకి థిన్నర్ అద్ది బొట్టు తుడిచేశాను.

"అదేంటి, తుడిచేస్తున్నావ్?" అన్నాడు పెద్దాయన.

"పని అయ్యాక మళ్ళీ పెడుదురు గాని."

"అపచారం ఏమైనా చేశానా?"

"అబ్బే, ఏం లేదండీ."

తుడిచాక పసుపు కనపడలేదు. గుంటల్లోకి దిగింది పైన గుడ్డకి రాదని నాకు తెలుసు. గన్ వెలిగించాను. నల్లద్దాలు ఇస్తే పెట్టుకుని, దీపావళి చూసినట్టు చూశాడు పెద్దాయన. గ్రైండింగ్ అయ్యాక షాఫ్టు మెరిసిపోతుంటే, పొట్లం విప్పి మళ్ళీ బొట్టు పెట్టాడు. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి తీసుకెళ్ళాడు.

ఊడ్పులు సగంలో ఉండగా ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. పంపు గ్లాండు దగ్గర నీళ్ళు చిమ్ముతున్నాయి, షాఫ్టు మీద మీరు వేసింది ఊడిపోయింది, వెంటనే రండి అన్నారు. వెళ్ళాను. గట్టు మీద ఊళ్ళో మగవాళ్ళందరూ ఉన్నట్టున్నారు. ఊడ్పుల ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని, పనిలేక చెట్టు నీడన కూర్చున్నారు. నీళ్ళు పెట్టి దమ్ము చేసిన మడి పైన తేరుకుని గట్టిపడుతోంది. నారు కట్టలు గట్టు వెంట వాడిపోతున్నాయి.

పంపు అప్పటికే విప్పి ఉంది. తాడుతో పాటు లోహపు పెచ్చులు బయటికి వచ్చాయి. ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. గుడ్డు పెంకులా వంపు తిరిగి ఉంది. సరిగ్గా పట్టిన పొర ఊడినా, దాని లోపలి వైపు గరుకు అచ్చు దిగి ఉంటుంది. ఈ పెచ్చు ఒక పక్క అలా ఉంది, ఇంకో పక్క మాత్రం నున్నగా ఉంది. ఆ నునుపు ఎంతమేర ఉందో, ఏ ఆకారంలో ఉందో చూడగానే నాకు తెలిసిపోయింది.

పెచ్చుని జేబులో వేసుకున్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు. అప్పుడు నేను అడిగాను:

"గ్లాండు ఎవరు బిగించారండీ?"

అంతే. ఒక ప్రశ్న. అబద్ధం కూడా కాదు.

"ఇంకెవరండీ, మా మావయ్యే" అన్నారు ప్రెసిడెంటు గారు, పెద్దాయన్ని చూపిస్తూ. "ఆయన కాక దాన్ని ముట్టుకునే అర్హత ఈ ఊళ్ళో ఎవరికుంది?"

"పెళ్ళాం కంటే ఎక్కువగా చూసుకుంటాడాయె. ప్రేమ కొద్దీ గట్టిగా వాటేసుంటాడు" అన్నారెవరో వెనక నుంచి. కొందరు నవ్వారు. చెట్టు కింద ఆడవాళ్ళు కూడా నవ్వారు.

"ఎప్పట్లాగే బిగించానయ్యా. చుక్కలు పడ్డాయి, చూసుకున్నాను" అన్నాడు పెద్దాయన.

"చుక్కలు పడితే షాఫ్టు ఇలా ఎందుకవుద్ది మావయ్యా?"

పెద్దాయన నా దగ్గరికి వచ్చి అడిగాడు. "ఏమబ్బాయ్, ఎక్కువైందంటావా?"

ఆ గట్టు మీద ఆయన నమ్మింది నన్ను. నేను షాఫ్టు వైపు చూస్తూ, "కొంచెం ఎక్కువై ఉండొచ్చండీ" అన్నాను.

ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. అరచెయ్యి తిప్పి చూసుకుని, తుండుగుడ్డకి తుడుచుకున్నాడు.

షాఫ్టుని అదే రోజు వెనక్కి తెచ్చి, పాత పొరంతా చెక్కేసి, ఏ లోపం లేకుండా మళ్ళీ చేసిచ్చాను. డబ్బు తీసుకోలేదు. తప్పు మీది కాకపోయినా ఊరికే చేశారు, మీ మంచితనం అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ మంచితనం వల్ల ఆ చుట్టుపక్కల నుంచి మా షాపుకి పని పెరిగింది కూడా. ఆ ఊళ్ళో కొందరు ముదిరిన నారే ఊడ్చుకుని దిగుబడి పోగొట్టుకున్నారని తర్వాత విన్నాను. పెచ్చు మాత్రం షాపుదాకా తేలేదు. వస్తూ వస్తూ, కంకిపాడు దాటాక కారు ఆపి కాలవలోకి విసిరేశాను.

పెద్దాయనకి చెబుదామని అనుకోలేదా అంటే, చాలాసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ ఒక సాకు సిద్ధంగా ఉండేది. నిజం చెబితే, తను పెట్టిన బొట్టు వల్లే పంపు చెడిందని ఆయనకి తెలుస్తుంది. అంత భక్తిగా పెట్టిన మనిషి ఎంత బాధపడతాడో అనుకునేవాణ్ణి. ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేక ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మాను కూడా.

మరుసటి సార్వాకి పామర్రు దగ్గర ఒక రైసు మిల్లులో పని పడింది. మిల్లు నుంచి వస్తూ ఆ గట్టు మీదుగా వచ్చాను. పంపు తిరుగుతోంది. గ్లాండు దగ్గర నీళ్ళు కుళాయి విప్పినట్టు కారుతున్నాయి. కింద నేలంతా బురద. పెద్దాయన కాస్త దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు.

"అంత కారుతుంటే బిగించలేదేంటి బాబాయి గారూ?" అన్నాను.

"పోయినేడు అది జరిగాక స్పానర్లు ప్రెసిడెంటు తీసుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. పామర్రు నుంచి మెకానిక్ వచ్చి బిగిస్తాడు. పనులెక్కువంట, వారం దాటినా రాడు. స్విచ్చి వెయ్యడం, ఆపడం వరకే నేను."

"మీ దగ్గర స్పానరు లేదా?"

"ఉన్నా ముట్టుకోనబ్బాయ్. నా చేతికి జ్ఞానం పోయింది. మొన్న మా ఆవిడ ఆవకాయ జాడీ మూత బిగించమంది. బిగిస్తే పగిలిద్దేమోనని భయమేసి, నువ్వే పెట్టుకోమన్నాను." నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "నిజంగానే అబ్బాయ్. చుక్కలు పడ్డాయనే నాకు గుర్తు. కానీ నువ్వు చూసి చెప్పావుగా. మరి నాకెందుకు అలా కనపడ్డాయో."

నేను అప్పుడు కూడా చెప్పలేదు. వెళ్ళొస్తానండీ అని కారెక్కాను. పామర్రు సెంటర్లో కారు ఆపి టీ తాగాను. అప్పటిదాకా ఆయన బాధపడతాడని ఆగాననుకున్నాను గదా. ఆయన ఏడాదిగా తన కళ్ళనే నమ్మడం మానేసి బతుకుతున్నాడు. నా సాకు అక్కడ, ఆ బెంచీ మీద, ఇక నిలబడలేదు. కారు వెనక్కి తిప్పాను.

గట్టు మీద ఆయన పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. గరుకు సంగతి, వేలికుండే జిడ్డు సంగతి, పెచ్చు లోపల చూసిన నునుపు సంగతి, కాలవలో పారేసిన సంగతి. అంతా విన్నాక ఆయన అన్నాడు.

"అయితే బొట్టు పెట్టి పాడుచేసింది నేనేగా."

"కాదండీ. మీరు పెట్టింది నేను చూశాను. తుడిచింది నేను."

"తుడవకుండా ఏం చెయ్యాలి మరి?"

"మళ్ళీ గరుకు కొట్టాలి."

"ఎంతసేపు పడుద్ది?"

ఇది తప్ప ఏది అడిగినా బాగుండేది.

"అన్నం తిని లేచేంతసేపండీ" అన్నాను.

ఆయన పంపు వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నాతో చెబితే ఏం లాభం అబ్బాయ్? స్పానర్లు నా దగ్గర లేవుగా" అన్నాడు.

ఇద్దరం ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాం. అరుగు మీద ఇంకో నలుగురు రైతులు ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాను. ప్రెసిడెంటు గారికి చిరాకేసింది.

"ఎప్పుడో అయిపోయింది ఇప్పుడు తవ్వడం ఎందుకండీ? ఎవరూ మిమ్మల్ని అడగలేదుగా" అన్నారు.

"నా బదులు ఆయన్ని అడిగారుగా" అన్నాను.

"ముదురు నారు ఊడ్చిన వాళ్ళలో నేనున్నాను" అన్నాడు అరుగు చివర కూర్చున్నాయన. "అప్పుడు మిమ్మల్ని మెచ్చుకుని కాఫీ కూడా ఇప్పించాను. గుర్తుందా?"

"గుర్తుందండీ."

"కాఫీ వెనక్కి అడగలేను" అని మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత నేను ఉన్నంతసేపూ నా వైపు చూడలేదు. ఇప్పటికీ చూడడు. అది నాకు దక్కాల్సిందే.

ప్రెసిడెంటు గారు లోపలికి కేకేస్తే, మంచం కింద నుంచి స్పానర్ల పెట్టె తెచ్చి పెట్టారు. "తీసుకో మావయ్యా. అప్పుడే గట్టిగా చెప్పొద్దూ, నేను కాదని?" అన్నారు ఆయనతో.

"చెప్పానయ్యా" అన్నాడు పెద్దాయన.

పెట్టెని ఆయన తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. పంపు దగ్గరికి వచ్చాక స్పానరు తీసి తుప్పు తుడిచాడు. అంతా సరైపోతుందని నాకు ఆ క్షణాన ఆశ కలిగిన మాట నిజం. ఆయన బురదలో కూర్చుని, ఒక పక్క నట్టు కొంచెం తిప్పాడు. రెండో పక్క కొంచెం తిప్పాడు. ధార సన్నబడింది. ఇంకొంచెం తిప్పాడు. ధార తెగి చుక్కలైంది. చుక్కా చుక్కా పడుతోంది. అంతకంటే బాగా ఎవరూ బిగించలేరు.

ఆయన స్పానరు నట్టు మీదే ఉంచి నా వైపు తిరిగాడు. "చూడబ్బాయ్. ఎక్కువైందేమో?"

"కాలేదండీ. సరిగ్గా ఉంది."

"మళ్ళీ చూడు."

వంగి చూశాను. "సరిగ్గా ఉందండీ."

"నువ్వన్నావు గదాని" అంటూ లేచాడు. లేచి మళ్ళీ వంగి చూశాడు. మంచం మీంచి చప్పుడు విని చెప్పగల మనిషి ఒకప్పుడు.

ఇది జరిగి కొంతకాలమైంది. పంపు మళ్ళీ ఆయనే చూసుకుంటున్నాడు. మెకానిక్‌ని ఎవరూ పిలవడం లేదు. గ్లాండు బిగించిన ప్రతిసారీ నాకు ఫోన్ చేస్తాడు. నేను లేతు మీద ఉన్నా, గన్ చేతిలో ఉన్నా, ఆపి తీస్తాను. మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా తీస్తాను. ఎవరు అంత అర్జెంటని మా ఆవిడ మొదట్లో అడిగేది. చెప్పాను. ఇప్పుడు ఆమే ఫోను తెచ్చి చేతికిస్తుంది.

"అబ్బాయ్, వినపడుతుందా?" అంటాడు. ఫోను గ్లాండు దగ్గర పెడతాడు. మోటారు హోరులో చుక్కల చప్పుడు నాకేమీ వినపడదు. వినపడలేదంటే నన్ను రమ్మంటాడు, వెళ్ళి చూసి వస్తాను. అలా చాలాసార్లు వెళ్ళాను. ఒక్కసారి కూడా తప్పు లేదు.

మొన్న ఫోన్ చేసినప్పుడు అన్నాను. "బాబాయి గారూ, నాకు వినపడదండీ. మీకు ఎలా ఉంది? మీరు చెప్పండి."

అవతల ఆయన గ్లాండు మీదికి వంగినట్టున్నాడు, మోటారు హోరు పెరిగింది.

"నాకైతే సరిగ్గానే ఉన్నట్టుంది" అన్నాడు.

"అయితే సరిగ్గానే ఉందండీ."

"ఊఁ" అన్నాడు. ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు.